గీతకు ఇవతల

ఆటో చర్చి మలుపు తిరిగేసరికి ఎస్తేరమ్మ ఇంటి ముందు ఇద్దరు మనుషులు గడ్డపారలతో గుంటలు తవ్వుతున్నారు. పక్కన షామియానా గుడ్డ మడతపెట్టి ఉంది. దాని మీద ఒక కోడి కూర్చుని ఉంది. ఎవరైనా పోయారేమోనని ఫేబీ ఆటోలోంచి తల బయటికి పెట్టింది. పోయిన ఇంట్లో మనుషులు అలా అరవరు. ఎస్తేరమ్మ పైట నడుముకు చుట్టుకుని, గుంజ వంకరగా నిలబెట్టారని వాళ్ళిద్దరినీ దులిపేస్తోంది. ఆటోను చూసి చెయ్యెత్తింది.

"వచ్చేసినావా ఫేబమ్మా! ఆదివారం సాయంత్రం యాడికీ పోబాక. నువ్వు లేకుండా మొదలుపెట్టేది లేదు!"

ఏమిటని అడిగేలోపు ఆటో ముందుకు పోయింది.

ఇంట్లో తమ్ముడి భార్య ఎవాంజెలిన్ వసారాలో కూర్చుని ఊరగాయకు నిమ్మకాయలు ఏరుతోంది. గూడూరు నుంచి పుట్టింటివాళ్ళు పంపిన సంచి అది. తమ్ముడు సుశీల్ కుమార్ రొయ్యల గుంటల దగ్గర ఉన్నాడు. ఫేబీ బ్యాగు గోడకు ఆనించి, కుర్చీలో కూర్చుని, మోకాలి పట్టీ వదులు చేసుకుంది. ఒక నిమ్మకాయ దొర్లుకుంటూ వచ్చి ఆమె పాదం కింద ఆగింది. పాదం దాన్ని ముందుకు తోసింది, వెనక్కి లాగింది, పక్కకు తిప్పింది.

"తినేది వదినా, కాలితో!" అన్నది ఎవాంజెలిన్.

ఫేబీ వంగి కాయ తీసి ఇచ్చింది. "ఎస్తేరు పిన్ని ఇంటి ముందర ఏంది హడావిడి?"

"నీకు తెలీదా? కృతజ్ఞతా కూడిక. వాళ్ళ అబిగయీలు ఇండియా టీములోకి పోతుండాది గదా."

ఎవాంజెలిన్ ఇచ్చిన టీ గ్లాసును ఫేబీ పెదవుల దాకా తీసుకుపోయి దించింది. "టీము సోమవారం గదా చెప్పేది."

"చెప్పేదానికేముంది? దొరికిందని నమ్మి ముందే స్తుతించాలంట. మాథ్యూ అయ్యగారు పోయిన ఆదివారం వాక్యంలో అదే చెప్పినాడు. పిన్ని అది పట్టుకునింది. బిర్యానీకి మనిషిని గూడా మాట్లాడేసింది." ఎవాంజెలిన్ మచ్చ ఉన్న కాయను పక్కన పడేసి నవ్వింది. "అయినా అక్కడ నువ్వుండావు. మన అమ్మాయి కోచ్‌గా కూర్చోనుంటే మన అబిగయీలు పేరు యాడికి పోతుంది?"

ఫేబీ టీ తాగలేదు. గ్లాసు కింద పెట్టి, లేచి, వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. మళ్ళీ నడిచింది. ఆడడం మానేసి ఏడాది కాలేదు. అంతకుముందు ఒంట్లో ఏదైనా కుదురు తప్పితే పరిగెత్తేది. ఇప్పుడు పరిగెత్తితే మోకాలు ఉబ్బుతుంది. పదిహేడేళ్ళ లోపు అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్ అయ్యాక ఆమె పని నిలబడడం, చూడడం, చెప్పడం.

చెప్పింది కూడా. ఎంపిక క్యాంపు చివరి రోజు గదిలో బోర్డు మీద ఎడమ వింగ్ దగ్గర మాత్రమే ఖాళీ మిగిలింది. ఇద్దరు పిల్లలున్నారు, ఒకరికే చోటు. హెడ్ కోచ్ అందరినీ దాటి ఫేబీ వైపు చూసి, "ఎడమ పక్క నీది. ఎవరు?" అన్నది.

"బిర్సమణి," అన్నది ఫేబీ. ఝార్ఖండ్ పిల్ల. హెడ్ కోచ్ మళ్ళీ అడిగింది. ఫేబీ మళ్ళీ అదే పేరు చెప్పింది. అబిగయీలు కుడివైపు తిరిగేటప్పుడు తడబడుతుందని కారణం కూడా చెప్పింది.

"వదినా, కూర్చో. నువ్వు అట్ట తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతుండాయి," అన్నది ఎవాంజెలిన్.

*

శనివారం తెల్లవారి సముద్రం వెనక్కి తగ్గి, తడి ఇసుక గట్టిగా, నున్నగా బయటపడింది. పడవలు పైన ఉన్నాయి. వలలు ఎత్తేవాళ్ళు ఇంకా రాలేదు. అబిగయీలు ఒక్కతే బంతితో ఉంది. రెండు చెప్పులు గోలుపోస్టులు. పిల్ల సన్నగా ఉంటుంది, మోచేతులు బయటికి పెట్టి పరిగెత్తుతుంది. ఫేబీని చూసి ఆగలేదు. బంతిని మాత్రం ఆమె వైపు తన్నింది.

ఫేబీ పాదంతో ఆపింది. తడి బంతి బరువుగా తగిలింది. ఆ తగలడంతోనే ఒంట్లో ఏదో సర్దుకున్నట్టయింది.

"ఆడతావా అక్కా?"

"మోకాలు."

"మెల్లిగా ఆడదాం."

మెల్లిగా అనేది ఇద్దరికీ చేతకాలేదు. ఫేబీ చెప్పుల ముందు నిలబడింది. అబిగయీలు నీళ్ళ వైపు నుంచి వచ్చింది. ఫేబీ ఎప్పటిలాగే వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, పిల్ల నడుము మీదనే చూపు పెట్టింది. కాళ్ళు అబద్ధం చెప్తాయి, నడుము చెప్పదు. మొదటిసారి బంతి లాక్కుంది. తర్వాత కూడా లాక్కుంది. పిల్ల ఏమీ అనకుండా వెనక్కి పోయి మళ్ళీ వచ్చింది. ఈసారి ఎడమకు వంగింది. ఫేబీ అటు కదిలింది. పిల్ల కుడివైపు తిరిగింది. బంతి ఆమె పాదానికి అంటుకున్నట్టే తిరిగింది. ఫేబీ కాలు ఇసుకలో జారి, చెయ్యి ఆనించి కూలబడింది. బంతి తగిలి వెనక చెప్పు ఎగిరిపడింది.

అబిగయీలు పరిగెత్తుకుంటూ వచ్చింది. "మోకాలా?"

"కాదు. బానే ఉంది." ఫేబీ లేవలేదు. "ఇంకోసారి తిరుగు. అట్టనే. కుడికి."

పిల్ల తిరిగి చూపించింది. ఇంకోసారి తిరిగింది. తడబాటు లేదు. క్యాంపులో కూడా లేదు. ఫేబీకి ఆ సంగతి ఇప్పుడు కొత్తగా తెలియలేదు. గదిలో ఉన్నప్పుడు కూడా తెలుసు. కానీ అప్పుడు తెలిసింది కళ్ళకు. ఇప్పుడు ఇసుకలో కూలబడిన ఒంటికి తెలిసింది. ఒంటికి తెలిసినదాన్ని పక్కకు నెట్టడం కష్టం.

అబిగయీలు వచ్చి పక్కన కూర్చుంది. బంతి మీద అంటిన ఇసుకను అరచేత్తో తుడుస్తోంది.

"క్యాంపులో మ్యాచ్ అప్పుడు నువ్వు గీత దాటి లోపలికొచ్చినావని రిఫరీ నిన్ను తిట్టినాడు గదా అక్కా," అన్నది. "మేమంతా నవ్వుకున్నాం. నాకు బొమ్మల్లాగా కూర్చునే కోచులు నచ్చరు."

"కాళ్ళు ఆగవు మే. ఏం చెయ్యమంటావు?"

"చివర్లో మాత్రం నన్ను తిట్టలా నువ్వు."

ఫేబీ తలెత్తింది.

"మొదట్లో రోజూ తిట్టేదానివి. అబీ తల ఎత్తు, అబీ వెనక్కి పరిగెత్తు, అబీ నిద్రపోతుండావా అని. తర్వాత ఆపేసినావు. బిర్సమణిని తిడుతుండావు గానీ నన్ను తిట్టలా." పిల్ల గొంతులో ఏడుపు లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. "పని ఉండేవాళ్ళనే గదా తిడతారు. అప్పుడే అర్థమైంది నాకు. నేను లేను."

అల ఒకటి పాదాల దాకా వచ్చి, నురగ వదిలి పోయింది. ఫేబీ ఏదో అనబోయింది. కోచ్‌గా చెప్పకూడదు. అక్కగా చెప్పకుండా ఉండలేదు.

"మీ అమ్మకు చెప్పలేదా?"

"చెప్పలా. ఊరంతా పిలిచేసింది. రొయ్యల షెడ్డులో వాళ్ళందరికీ చెప్పింది. సూపర్‌వైజర్‌ని గూడా పిలిచింది. కూడిక అయిపోనీ అక్కా. సోమవారం అందరికీ ఒకేసారి తెలిసిపోతుంది. నువ్వు గూడా చెప్పబాక."

"చెప్పకుండా కూర్చుని స్తోత్రం చెప్పాలా నేను?"

"నేను కూర్చోవాల గదా. నువ్వు కూర్చుంటే ఏమైంది?"

అబిగయీలు లేచి, చెప్పులు వెతుక్కుని, ఒకటి దొరక్క నీళ్ళలోకి దిగింది. అల తీసుకుపోతున్న చెప్పును పట్టుకుని, బంతి చంకన పెట్టుకుని ఊళ్ళోకి పోయింది. ఎందుకు తీసేసినావని అడగలేదు.

*

మధ్యాహ్నం ఎస్తేరమ్మ ఇంట్లో ఉల్లిపాయలు ఒలవడానికి ఆడవాళ్ళు చేరారు. ఫేబీ కూడా పోయింది. పోకపోతే ఎందుకు రాలేదంటారు. పోతే ఏమంటారో తెలుసు.

ఎస్తేరమ్మ వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి. షెడ్డులో ఐసు నీళ్ళలో రొయ్యల తలలు తీసే చేతులు. ఆదివారం కూడా పని ఉందంటే, సెలవు కావాలని సూపర్‌వైజర్‌తో పోట్లాడి తెచ్చుకుంది. ఆ వేళ్ళతో ఉల్లిపాయ పొరలు చకచకా లాగేస్తోంది. చెయ్యి ఎంత వేగమో నోరూ అంత వేగం.

"ఫేబమ్మా, విదేశాలకు పోతారంటనే. ఆడ చలి ఉంటదంట గదా. దీనికి స్వెట్టర్ లేదు. నువ్వు ఆడే రోజుల్లోది ఏమన్నా ఉందా పాతది?"

"చూస్తాలే పిన్నీ."

"చూసేదేందే. పొడుగు సరిపోతుందా చెప్పు. అబీ, ఇట్టా రా, అక్క పక్కన నిలబడు."

అబిగయీలు వంటింట్లోంచి రాలేదు. "పని ఉందిమా," అని మాత్రం వినిపించింది.

బయట మోటార్‌సైకిల్ ఆగింది. హైస్కూల్ పీఈటీ పెంచలకృష్ణ సారు. ఫేబీకి, ఆమె తర్వాత అబిగయీలుకు మొదట బంతి ఇచ్చిన మనిషి. హెల్మెట్ తీస్తూనే మొదలుపెట్టాడు.

"ఏంది కోచ్ గారూ, ఉల్లిపాయలా? ఇండియాకు ఆడినప్పుడు కళ్ళలో నీళ్ళు రాలేదు, ఇప్పుడు వస్తుండాయే!"

ఆడవాళ్ళు నవ్వారు. ఫేబీ ముంజేత్తో కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. "కూర్చోండి సార్."

"కూర్చోను. ఒక మాట అడగాలని వచ్చినా. పిల్ల ఎడం వింగేగా?"

"ఊ."

"అంతే. దాని కాలు చూసినప్పుడే అనుకున్నా." ఆయన గొంతు తగ్గించాడు గానీ అందరికీ వినపడింది. "ఎవురైనా అంటారు ఫేబీ, మీ ఊరి పిల్లను తీసుకున్నావని. అననీ. వాళ్ళ వాళ్ళను వాళ్ళు తీసుకోవడం లేదా? పట్టించుకోబాక."

ఫేబీ మళ్ళీ కూర్చుని ఇంకో ఉల్లిపాయ తీసుకుంది. అదే మాట. క్యాంపు భోజనశాలలో ప్లేటు పట్టుకుని నిలబడినప్పుడు వెనక వరసలో ఎవరో హిందీలో అన్నది అదే: ఆంధ్రా మేడమ్ తన ఊరి పిల్లను జట్టులోకి దాటించుకుంటుంది చూడు. ఎవరన్నారో ఆమె తిరిగి చూడలేదు. ఆ సాయంత్రం నుంచే అబిగయీలును తిట్టడం మానేసింది. మైదానంలో ఆ పిల్ల ఉన్న వైపు చూడడం కూడా తగ్గించింది. న్యాయంగా ఉన్నాననుకుంది.

మాథ్యూ అయ్యగారు కూడా ఒకసారి వచ్చి పోయారు. "వందనాలమ్మా. రేపు ఎస్తేరమ్మ సాక్ష్యం తర్వాత నీ సాక్ష్యం. క్లుప్తంగా చెప్పు చాలు. దేవుడు ఈ ఊరినుంచి ఇద్దరిని లేపినాడని చెప్పు."

"అయ్యగారూ, జట్టు ఇంకా ప్రకటించలేదు."

"అందుకే కదమ్మా విశ్వాసం అనేది," అన్నారాయన నవ్వుతూ.

ఫేబీ ఇంటికి పోలేదు. రొయ్యల గుంటల గట్ల మీద తిరిగింది. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు చప్పుడు చేస్తూ ఒకే చోట తిరుగుతున్నాయి. ఎక్కడికీ పోవు, ఆగవు. తమ్ముడు ట్రేలో మేత పరీక్ష చేసుకుంటూ, "ఏందక్కా, కాలు నొప్పని వచ్చి నాకంటే ఎక్కువ తిరుగుతుండావు," అన్నాడు.

*

ఆదివారం ఆరాధన అయిపోయిన తర్వాత ఫేబీ అదే గట్టు మీద నిలబడి హెడ్ కోచ్‌కు ఫోన్ చేసింది. ఆమె మణిపూర్ మనిషి. హిందీ మాట్లాడినా పొట్టి పొట్టి పాసులు ఇచ్చినట్టు మాట్లాడుతుంది.

"చెప్పు."

"మేడమ్, ఎడమ వింగ్. నేను తప్పు చెప్పాను."

"రెండుసార్లు అడిగాను."

"భయపడి చెప్పాను."

"ఎవరికి భయపడ్డావు?"

"మా ఊరి పిల్లను తీసుకున్నానంటారని."

"ఇప్పుడు ఎక్కడున్నావు?"

"ఊళ్ళో."

"మరి ఇప్పుడు ఎవరికి భయపడి ఫోన్ చేశావు?"

ఫేబీ గట్టు అంచున ఆగిపోయింది. కాలి కింద మట్టిపెళ్ళ విరిగి నీళ్ళలో పడింది. షామియానా గుర్తొచ్చింది. స్వెట్టరు, ఉల్లిపాయలు, తెల్లగా నానిన వేళ్ళు.

"ఊరు పక్కన పెట్టు," అన్నది హెడ్ కోచ్. "ఆట చెప్పు. బిర్సమణిలో ఏం తక్కువ?"

ఆ మాట చెప్పాలంటే ఆ పిల్లను కళ్ళ ముందు నిలబెట్టుకోవాలి. బిర్సమణి బూట్ల తాళ్ళు నోటితో బిగించేది. ఆమె అమ్మ క్యాంపుకు ఒకసారి వచ్చి, గేటు బయటే కూర్చుని, లోపలికి రమ్మంటే నవ్వి రానన్నది. ఆడే రోజుల్లో ఫేబీకి ఎదుటివాళ్ళ దగ్గర బంతి లాక్కోవడం మాత్రమే ఉండేది. ఇది బంతి కాదు.

"బిర్సమణి వేగం ఎక్కువ. కానీ ప్రతి పాసు తర్వాత బెంచి వైపు చూస్తుంది. మనం ఏం చెప్తామోనని. అబిగయీలు చూడదు. కుడికి తిరగడం రాదన్నది అబద్ధం. వస్తుంది. నేను చివరి రోజుల్లో ఆమెకు ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పకపోయినా ఆడింది."

"ఇది ఆ గదిలో చెప్పాల్సింది."

"తెలుసు."

"పేర్లు పైకి పోయాయి. మారవు." ఆమె గొంతులో కోపం లేదు. దానివల్ల ఇంకా కష్టంగా ఉంది. "నేను నిన్ను తీసుకున్నది ఎడమ పక్క నీకు తెలుసని. ఎవరేమంటారో తెలుసని కాదు. డిసెంబరు క్యాంపుకు ఎవరిని పిలవాలో మళ్ళీ నిన్నే అడుగుతాను. అప్పుడూ ఇలాగే చెప్తే ఆ తర్వాత అడగను."

ఫోన్ ఆగిపోయింది.

*

షామియానా కింద కుర్చీలు వేస్తున్నారు. ఎస్తేరమ్మ ఇంటి వెనక బిర్యానీ గిన్నె మీద మూతకు పిండి అంటిస్తోంది. పొగకు కళ్ళు చికిలించి, ఫేబీని చూసి, "ఇప్పుడా వచ్చేది? బట్టలన్నా మార్చుకోలా," అన్నది.

"పిన్నీ, అబీ టీములో లేదు."

ఎస్తేరమ్మ చేతిలో పిండి ముద్ద అలాగే ఉంది. మూత చుట్టూ సగం అంటించింది. మిగతా సగం నుంచి ఆవిరి వస్తోంది.

"ఎవురు చెప్పినారు?"

"నేనే చెప్తుండా. నేనే తీసేసినా."

"ఆటలో తక్కువా?"

"తక్కువ కాదు. మన ఊరి పిల్లని తీసుకుందంటారని... నేను వెనక్కి తగ్గినా. ఈ రోజు ఫోన్ చేసి అడిగినా. మారదన్నారు."

ఎస్తేరమ్మ ఆమె ముఖం వైపు చూడలేదు. ఆవిరి పోతున్న చోటు చూసింది. పిండిని వేలితో నొక్కుతూ, ఒక్క సందు మిగలకుండా చుట్టూ అంటించేసింది. తర్వాత మూత మీద నిప్పులు వేసింది.

"బిడ్డకు తెలుసా?"

"తెలుసు. నాకంటే ముందే కనిపెట్టింది. నీకు చెప్పొద్దనింది."

"ఓహో," అన్నది ఎస్తేరమ్మ. అంతే. చేతులు కడుక్కుని, పైట సర్దుకుని లోపలికి పోయింది.

కూడిక మొదలైంది. పాటలు పాడారు. షెడ్డు సూపర్‌వైజర్ ముందు వరసలో కూర్చున్నాడు. పెంచలకృష్ణ సారు చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఫేబీ ఆడవాళ్ళతో చాప మీద కూర్చోలేక చివర గుంజ పక్కన నిలబడింది. అబిగయీలు వాళ్ళమ్మ వెనక తల దించుకుని ఉంది. అయ్యగారు ప్రార్థన చేసి, "ఇప్పుడు మన సహోదరి ఎస్తేరమ్మ సాక్ష్యం," అన్నారు.

ఎస్తేరమ్మ లేచింది.

"అందరికీ వందనాలు. నా బిడ్డ టీములో లేదు."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. అబిగయీలు తలెత్తి, వాళ్ళమ్మ వైపు కాకుండా, నేరుగా గుంజ దగ్గరున్న ఫేబీ వైపు చూసింది.

"స్తోత్రం చెప్తానని దేవునికి మాటిచ్చినా. టీములోకి పోతేనే చెప్తానని బేరం పెట్టలా. అంత దూరం పోయిన పిల్ల కాళ్ళూ చేతులూ సక్రమంగా తిరిగొచ్చింది. అందుకు చెప్తుండా. అందరూ తినే పోవాల." అని కూర్చుంది.

ఫేబీ పేరు ఆమె ఎత్తలేదు. అయ్యగారు పాటల పుస్తకం తీసి, పేజీ వెతుకుతూ, "మంచిది, ఒక పాట పాడదాం," అన్నారు. ఫేబీ గుంజ వదిలి ముందుకు వచ్చింది.

"అయ్యగారూ, నా సాక్ష్యం ఉంది గదా."

ఆయన పుస్తకం మూశారు.

"అబిగయీలు బాగా ఆడింది. తీసుకోవాల్సిన పిల్ల. మన ఊరి పిల్లని తీసుకున్నానంటారని నేను ఇంకొకరి పేరు చెప్పినా. దాని తప్పు ఏమీ లేదు. వేరే పిల్ల తప్పు గూడా లేదు." సాక్ష్యం చివర స్తోత్రం అనాలి. అనకుండానే గుంజ దగ్గరికి నడిచింది.

వెనక వరసలోంచి ఆటో గంగాధరం లేచాడు. "అయితే ఊరి పిల్లని తొక్కేదానికా నువ్వు కోచ్ అయింది? ఏరే వాళ్ళయితే ఇంత పని చేసుండరే!"

"కూర్చో గంగాధరా," అన్నాడు పెంచలకృష్ణ సారు. కానీ ఆయన కూడా ఫేబీ వైపు చూడలేదు. బూటు మీద మట్టి చూసుకుంటున్నాడు.

"అవును బాబాయ్. ఈసారి అదే చేసినా," అన్నది ఫేబీ.

భోజనాలకు బల్లలు వేశారు. ఫేబీ ఇంటికి పోబోతుంటే ఎస్తేరమ్మ అడ్డం వచ్చి, పెద్ద గరిటె ఆమె చేతిలో పెట్టింది.

"నిలబడే ఉండావు గదా. వడ్డించు."

ఫేబీ వడ్డించింది. కొంతమంది పెట్టించుకున్నారు. కొంతమంది పెట్టించుకుని కూడా ఆమె ముఖం చూడలేదు. గంగాధరం పళ్ళెం మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఎవాంజెలిన్‌ను పిలిచి పెట్టించుకున్నాడు. మోకాలు లోపల సలుపుతోంది. బల్ల చివర అబిగయీలు తల ఎత్తకుండా పళ్ళెం ముందుకు తోసింది. ఫేబీ అన్నం పెట్టింది, అడుగునుంచి ముక్కలు తీసి పెట్టింది.

"చాలు," అన్నది అబిగయీలు. పళ్ళెం దగ్గరికి లాక్కుని, "చెప్పొద్దన్నా గదా," అన్నది.

"అన్నావు."

"మరి?"

పక్క బల్ల దగ్గర ఎవరో అన్నం అడుగుతున్నారు. ఫేబీ అటు పోయింది.

*

సోమవారం తెల్లవారుజామున మబ్బు పట్టి ఉంది. పోటు తగ్గి ఇసుక నున్నగా ఉంది గానీ చెప్పులు లేవు, బంతి లేదు, పిల్ల లేదు. ఫేబీ పడవల దాకా నడిచింది, తిరిగి వచ్చింది. మధ్యాహ్నానికి పేర్లు బయటికి వస్తాయి. సాయంత్రం ఆమె బండి ఎక్కాలి. నిన్నటి నుంచి ఎవాంజెలిన్ కూడా ముక్తసరిగా మాట్లాడుతోంది. ఒక గుండ్రటి కొబ్బరి పీచు ముద్ద అల వెంట కొట్టుకొచ్చింది. కాలు దాన్ని తన్నింది. ముద్ద పోయి నీళ్ళలో పడింది. అల మళ్ళీ తెచ్చింది. మళ్ళీ తన్నింది.

ఆమె వెనక్కి తిరిగేసరికి అబిగయీలు దిబ్బ దిగి వస్తోంది. బంతి చంకలో ఉంది. పలకరించలేదు. ముఖం ఉబ్బి ఉంది. చెప్పులు విడిచి, దూరదూరంగా పెట్టి, బంతిని ఇసుక మీద వదిలింది. ఫేబీ అలవాటుగా చెప్పుల ముందుకు పోయి నిలబడి, మోకాళ్ళు కాస్త వంచింది.

"నువ్వు కాదక్కా."

"ఏంది?"

"నువ్వు ఆడబాక. మొన్న నువ్వు ఆడితే నాకేమొచ్చింది? ఊరికే పడిపోయి, బావుందని మొహం పెట్టుకున్నావు."

ఫేబీ నవ్వబోయి ఆగిపోయింది. పిల్ల నవ్వడం లేదు. అబిగయీలు పక్కకు పోయి, మడమతో ఇసుకలో ఒక గీత గీసింది. తడి ఇసుకలో మడమ లోతుగా దిగింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా, వెనక్కి నడుస్తూ, చివరిదాకా గీసింది.

"దీనికి ఇవతల నిలబడు. దాటొద్దు. అక్కణ్ణించి చెప్పు."

"ఏం చెప్పమంటావు?"

"నాకేం తెలుసు? కోచ్‌వి నువ్వు గదా." పిల్ల బంతి దగ్గరకు పోయి, తిరిగి చూసి అన్నది. "డిసెంబరులో మళ్ళీ క్యాంపంట గదా. అప్పుడు నాలో ఏం తక్కువయిందని చెప్తావో, అది ఇప్పుడే చెప్పు."

ఫేబీ గీత వెనక్కి వచ్చి నిలబడింది. కాళ్ళు ఊరుకోలేదు. ఒకసారి గీత మీద పడబోయిన పాదాన్ని వెనక్కి లాక్కుంది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నడుము మీద పెట్టుకుంది. అబిగయీలు నీళ్ళ అంచు నుంచి పరుగు మొదలుపెట్టింది. ఎడమకు వంగింది, కుడికి తిరిగింది. బాగుంది. తిరిగిన తర్వాత బంతి మీదకు తల దించేసింది. ముందు ఎవరున్నారో చూడలేదు. చెప్పుల మధ్యకు తన్నింది. బంతి పక్కనుంచి పోయింది.

అబిగయీలు ఇసుకలో నిలబడి ఎదురుచూసింది.

జేబులో ఫోన్ మోగింది. హెడ్ కోచో, ఇంటినుంచో. ఫేబీ తియ్యలేదు.

"తల ఎత్తు మే!" అని అరిచింది. గొంతు బొంగురుగా వచ్చింది. పడవల దగ్గరకు వస్తున్న ఇద్దరు మనుషులు తిరిగి చూశారు. "తిరిగినాక ఎవుర్ని చూస్తుండావు, బంతినా? బంతి యాడికీ పోదు! తల ఎత్తు అబీ, నిద్రపోతుండావా? మళ్ళీ! మొదటినించీ మళ్ళీ!"

అబిగయీలు బంతి తెచ్చుకోవడానికి పరిగెత్తింది. మోచేతులు బయటికి పెట్టి, కావాల్సినదానికంటే వేగంగా పరిగెత్తింది. పోటు మొదలై నీళ్ళు గీత మొదటి కొసను తడిపాయి. ఫేబీ మిగిలిన గీత వెంబడి పక్కకు జరిగి, దాని వెనకనే నిలబడి, ఇంకోసారి అరిచింది.